హెవీగా డేటా పంపేటప్పుడు ఎల్‌డబ్ల్యూఐపీ క్రాష్ అవుతుంటే అసలు దొంగని పట్టుకోవడం ఎలా

బోర్డు మామూలుగా బానే ఉంటుంది. పింగ్ కొడితే పలుకుతుంది, చిన్న వెబ్ పేజీ పెడితే రోజులతరబడి ఇస్తూనే ఉంటుంది, అదే ఫుల్ స్పీడ్‌లో టీసీపీ డేటా తోయడం మొదలుపెట్టారో లేదో అరగంటకో గంటకో హార్డ్‌ఫాల్ట్ (ప్రాసెసర్ ఇక ముందుకెళ్ళలేనని ఇచ్చే ఎర్రర్) కొట్టి పడిపోతుంది. ఈ బాధ మీకుంటే ఇది మీకోసమే. నేను చెప్పేది కార్టెక్స్ ఎం4, ఎం7 చిప్పుల మీద ఫ్రీఆర్‌టాస్ అనే చిన్న ఓఎస్‌తో ఎల్‌డబ్ల్యూఐపీ (చిన్న చిప్పుల కోసం రాసిన టీసీపీ/ఐపీ నెట్‌వర్క్ స్టాక్) నడిపేవాళ్ళ గురించి, మిగతా స్టాకులకి కూడా చాలావరకు ఇదే వర్తిస్తుంది గానీ పేర్లు మారతాయి.

ముందు ఒక మాట. ఎవరిని అడిగినా మొదట చెప్పే సలహా "మెమ్_సైజ్ పెంచు, పూల్ పెంచు" అని, అంటే స్టాక్ తన బఫర్లకి వాడుకునే మెమొరీ పెంచమని. దయచేసి పెంచకండి. నేను పెంచాను. 40 నిమిషాలకి పడే బోర్డు రెండున్నర గంటలకి పడటం మొదలైంది, ఫిక్స్ అయిపోయిందని టీ తాగడానికి వెళ్ళాం, తిరిగొచ్చి చూస్తే మళ్ళీ అదే ఎర్ర లైటు. పెంచితే బగ్ పోదు, దాక్కుంటుంది అంతే. మీరు చేయాల్సింది దానికి రివర్స్: తగ్గించాలి.

ముందు త్వరగా పడేలా చేసుకోండి

గంటకోసారి వచ్చే క్రాష్‌ని డీబగ్ చేయలేరు, రోజుకి ఎనిమిది ప్రయత్నాలే దొరుకుతాయి. అర నిమిషంలో పడేలా చేసుకోండి, అప్పుడు ఏదైనా మార్చి చూసే ఓపిక ఉంటుంది.

లోడ్ పెట్టడానికి ఎల్‌డబ్ల్యూఐపీలోనే ఎల్‌డబ్ల్యూఐపెర్ఫ్ అని ఉంది, దాన్ని కలుపుకుని పీసీ నుంచి ఐపెర్ఫ్ 2 వాడండి, పోర్టు 5001. ఐపెర్ఫ్ 3తో ఇది మాట్లాడదు, చాలామంది అక్కడే ఒక పూట పోగొట్టుకుంటారు. మీ అప్లికేషన్ సొంతంగానే డేటా తోస్తుంటే అదే ఇంకా మంచిది, మధ్యలో డిలేలు మాత్రం తీసేయండి.

ఇప్పుడు లెక్క చూడండి. 100 ఎంబీపీఎస్ లింకు మీద ఫుల్ సైజు ఫ్రేము అంటే ప్రియాంబుల్, గ్యాప్ అన్నీ కలిపి 1538 బైట్లు, అంటే సెకనుకి 8127 ఫ్రేములు, ఒక్కోదానికి 123 మైక్రోసెకన్లు. గంటకి 2 కోట్ల 92 లక్షల ఫ్రేములు. కోడ్‌లో రెండు మూడు ఇన్‌స్ట్రక్షన్ల సందు ఉన్నా, ఆ సందులో ఇంటరప్ట్ దూరడానికి గంటకి ఇన్ని కోట్ల అవకాశాలు ఇస్తున్నారన్నమాట. పింగ్‌తో సెకనుకి ఒక్కటి పంపితే అది జన్మలో దొరకదు.

తగ్గించడం ఎలాగంటే, మెమ్_సైజ్ సగం చేయండి, టీసీపీ_ఎంఎస్ఎస్ (ఒక సెగ్మెంట్‌లో పట్టే డేటా) 1460 ఉంచి టీసీపీ_ఎస్ఎన్‌డీ_బఫ్ (పంపే బఫర్ సైజు) దానికి రెండింతలు, అంటే 2920 పెట్టండి, అంతకన్నా తగ్గిస్తే ఎల్‌డబ్ల్యూఐపీ కంపైల్ అయ్యేటప్పుడే తిడుతుంది. ఎథర్‌నెట్ డ్రైవర్‌లో ట్రాన్స్‌మిట్ డిస్క్రిప్టర్లు (ఏ బఫర్ పంపాలో హార్డ్‌వేర్‌కి చెప్పే చీటీలు) 8 ఉంటే 3కో 2కో తేండి. ఇక్కడొక జాగ్రత్త: ఒక ప్యాకెట్ ఒకే ముక్కగా రాదు, హెడర్ ఒక పీబఫ్‌లో (ఎల్‌డబ్ల్యూఐపీ ప్యాకెట్ బఫర్) డేటా ఇంకో పీబఫ్‌లో చైన్‌గా వస్తుంది ఒక్కోసారి, ఆ చైన్ పొడవు కన్నా డిస్క్రిప్టర్లు తక్కువైతే ఆ ప్యాకెట్ అసలు ఎప్పటికీ పోదు, అది వేరే గొడవ. పీసీ వైపు లినక్స్ ఉంటే టీసీ కమాండ్‌తో నెట్ఎమ్ పెట్టి ఒక శాతం లాస్ ఇవ్వండి, పీసీ పంపే ఏసీకేలు (డేటా అందిందని చెప్పే జవాబులు) కొన్ని పోతాయి, బోర్డు రీట్రాన్స్‌మిట్ చేయాల్సి వస్తుంది, మామూలుగా ఎవరూ టెస్ట్ చేయని దారులన్నీ అప్పుడు తెరుచుకుంటాయి.

నా బోర్డులో డిస్క్రిప్టర్లు 2కి తేగానే 20 సెకన్లలో పడింది. ఆ రోజు నిజంగా సంతోషం వేసింది, క్రాష్ చూసి సంతోషపడటం ఈ ఫీల్డ్‌లోనే కుదురుతుంది.

ఆప్టిమైజేషన్ లెవెల్ మాత్రం మార్చకండి. ఓ2లో పడేది ఓ0లో పడకపోవచ్చు, టైమింగ్ మారిపోతుంది. ఓ2 అలాగే ఉంచి డీబగ్ ఇన్ఫో మాత్రం ఆన్ చేయండి, ఆ బిల్డ్ తాలూకు ఈఎల్ఎఫ్ ఫైల్ (కంపైల్ అయ్యాక వచ్చే ప్రోగ్రామ్ ఫైలు) పక్కన దాచుకోండి, తర్వాత అడ్రస్‌లు చూడాలంటే సరిగ్గా అదే కావాలి.

పడినప్పుడు ఏం చెప్తుందో వినండి

చాలా ప్రాజెక్టుల్లో హార్డ్‌ఫాల్ట్ హ్యాండ్లర్ అంటే ఉత్త వైల్ వన్ లూపు. అందులో ఏమీ లేదు కాబట్టి మీకూ ఏమీ తెలియదు. హ్యాండ్లర్‌లో ఎల్ఆర్ రిజిస్టర్‌లో ఉండే ఈఎక్స్‌సీ_రిటర్న్ విలువలో రెండో బిట్ చూడండి (సున్నా నుంచి లెక్కపెడితే), అది 1 అయితే టాస్క్ స్టాక్ అంటే పీఎస్‌పీ, 0 అయితే ఎంఎస్‌పీ. ఆ స్టాక్ పైన వరసగా ఆర్0, ఆర్1, ఆర్2, ఆర్3, ఆర్12, ఎల్ఆర్, పీసీ, ఎక్స్‌పీఎస్ఆర్ అని ఎనిమిది వర్డ్‌లు ఉంటాయి (ఇక్కడ పీసీ అంటే కంప్యూటర్ కాదు, ప్రోగ్రామ్ కౌంటర్). వాటితో పాటు సీఎఫ్ఎస్ఆర్, హెచ్ఎఫ్ఎస్ఆర్, బీఎఫ్ఏఆర్ అనే ఫాల్ట్ రిజిస్టర్లు కూడా తీసి రీసెట్‌లో చెరిగిపోని ఒక నోఇనిట్ సెక్షన్‌లో రాసేసి రీసెట్ అవ్వండి, బూట్ అయ్యాక ప్రింట్ చేయండి. డీబగ్గర్ తగిలించలేని చోట ఇదే మీ బ్లాక్ బాక్స్. పీసీ విలువని యాడర్2లైన్ అనే టూల్‌కి ఇస్తే ఫైలు, లైను చెప్తుంది.

సీఎఫ్ఎస్ఆర్‌లో 9వ బిట్ ఉంటే ప్రిసైజ్ బస్ ఫాల్ట్, పీసీ చూపించిన లైనే పడింది. 10వ బిట్ ఉంటే ఇంప్రిసైజ్, అంటే రైట్ బఫర్‌లో ఆగి ఆలస్యంగా పడింది, పీసీ చూపించే లైను అమాయకపుది. ఎం3, ఎం4ల్లో ఏసీటీఎల్ఆర్‌లో రైట్ బఫర్ ఆపే బిట్ ఉంది, అది ఆన్ చేస్తే ఇంప్రిసైజ్ కాస్తా ప్రిసైజ్ అవుతుంది. ఎం7లో ఆ సుఖం లేదు. 17వ బిట్ అంటే ఇన్‌వాలిడ్ స్టేట్, ఏదో ఫంక్షన్ పాయింటర్ చెడిపోయి పనికిరాని అడ్రస్‌కి దూకిందని దాదాపు ఖాయం.

ఇక అసర్ట్‌లు, అంటే ఇది ఇలాగే ఉండాలని కోడ్ మధ్యలో రాసుకునే చెక్‌లు. ఎల్‌డబ్ల్యూఐపీ_నోఅసర్ట్ అని ఎవరో మహానుభావుడు ఎప్పుడో పెట్టి ఉంటాడు, తీసేయండి. ఎల్‌డబ్ల్యూఐపీ_ప్లాట్‌ఫామ్_అసర్ట్‌లో ప్రింట్ చేసి ముందుకి పోకుండా అక్కడే ఆపండి. మెమ్‌పీ_ఓవర్‌ఫ్లో_చెక్ 2 పెడితే పూల్ నుంచి ఏది తీసినా, తిరిగిచ్చినా ప్రతిసారీ అన్ని పూల్స్ చుట్టూ ఉన్న కంచెలు చెక్ చేస్తుంది, చాలా స్లో, స్పీడ్ పడిపోయి బగ్ మాయమైతే 1కి దించుకోండి. ఎల్‌డబ్ల్యూఐపీ_స్టాట్స్ ఆన్ చేయండి, తర్వాత అవసరం పడుతుంది.

నాకు అసర్ట్ ఆన్ చేయగానే హార్డ్‌ఫాల్ట్ పోయి దాని బదులు "పీబఫ్_ఫ్రీ: పీ->రెఫ్ > 0" అని వచ్చింది. ఇలా వస్తే సగం పని అయినట్టే. కానీ కాల్ స్టాక్ చూస్తే అది టీసీపీ_రిసీవ్ లోపల ఉంది! పంపేటప్పుడు కదా ప్రాబ్లం, రిసీవ్‌లో ఎందుకు పడుతుంది అని రిసీవ్ కోడ్ అంతా రెండు రోజులు చదివాను. ఒక్క తప్పు దొరకలేదు, ఎందుకంటే అక్కడ లేదు.

బఫర్ వైపు వెళ్ళేముందు ఈ నాలుగూ కొట్టేయండి

ఇవి చూడటానికి గంట పట్టదు, అందుకే ముందు.

స్టాక్. కాన్ఫిగ్_చెక్_ఫర్_స్టాక్_ఓవర్‌ఫ్లో 2 పెట్టండి, యూఎక్స్‌టాస్క్‌గెట్‌స్టాక్‌హైవాటర్‌మార్క్ ప్రింట్ చేయండి, ఆ నంబరు బైట్లలో కాదు వర్డ్‌లలో ఉంటుందని గుర్తుంచుకోండి, 50 అంటే 200 బైట్లు మిగిలాయని. టీసీపీఐపీ థ్రెడ్‌లో (ఎల్‌డబ్ల్యూఐపీ నడిచే టాస్క్) డీబగ్ ప్రింటెఫ్‌లు పెట్టినవాళ్ళు ముందు ఇదే చూడాలి. ఇంటరప్ట్‌లు వాడే ఎంఎస్‌పీ స్టాక్ లింకర్ స్క్రిప్ట్‌లో వేరేగా ఉంటుంది, దాన్ని ఫ్రీఆర్‌టాస్ చెక్ చేయదు, లోడ్‌లో ఇంటరప్ట్ మీద ఇంటరప్ట్ పడినప్పుడే అది నిండుతుంది.

ఇంటరప్ట్ ప్రయారిటీ. ఎథర్‌నెట్ ఇంటరప్ట్‌కి ప్రయారిటీ సెట్ చేయకపోతే అది 0 ఉంటుంది, అంటే అన్నిటికన్నా పైన. అక్కడి నుంచి సెమఫోర్ (టాస్క్‌ని లేపే సంకేతం) ఇచ్చారంటే ఫ్రీఆర్‌టాస్ లిస్టులు ఎప్పుడో ఒకప్పుడు చిక్కుపడతాయి. కాన్ఫిగ్_మ్యాక్స్_సిస్‌కాల్ కింద 5 పెట్టుకుంటే ఎథర్‌నెట్ ఇంటరప్ట్ నంబరు 5 గానీ అంతకన్నా పెద్దది గానీ ఉండాలి. కాన్ఫిగ్అసర్ట్ రాసి ఉంటే ఇది మొదటి సెకనులోనే దొరుకుతుంది.

థ్రెడ్. టీసీపీ_రైట్, యూడీపీ_సెండ్ లాంటి రా ఏపీఐ ఫంక్షన్లు టీసీపీఐపీ థ్రెడ్ నుంచే పిలవాలి, లేదా లాక్_టీసీపీఐపీ_కోర్ పట్టుకుని పిలవాలి. మీ సెన్సర్ టాస్క్ నుంచి నేరుగా టీసీపీ_రైట్ పిలుస్తుంటే అన్‌సెంట్ లిస్టుని ఇద్దరు చెరో వైపు లాగుతున్నట్టే, తక్కువ లోడ్‌లో ఇద్దరూ ఎదురుపడరు కాబట్టి తెలియదు. 2018లో వచ్చిన 2.1.0 వెర్షన్ నుంచి ఎల్‌డబ్ల్యూఐపీ_అసర్ట్_కోర్_లాక్డ్ అని ఉంది, అది మీ పోర్ట్‌లో రాసుకుంటే తప్పు థ్రెడ్ నుంచి పిలిచిన ప్రతిసారీ పట్టేస్తుంది. సాకెట్ ఏపీఐ వాడేవాళ్ళకి ఈ బాధ తక్కువ, అయినా ఒకే సాకెట్‌ని ఒక టాస్క్ క్లోజ్ చేస్తుంటే ఇంకో టాస్క్ సెండ్ చేయడం లాంటివి ఉంటే చూస్కోండి.

నల్ చెక్. లోడ్‌లో పీబఫ్_అలాక్ నల్ ఇవ్వడం మామూలే, చెక్ చేయకపోతే విచిత్రం చూడండి: ఎస్టీఎం32ఎఫ్4లో ఫ్లాష్ నుంచి బూట్ అయితే అడ్రస్ 0 దగ్గర ఫ్లాష్ కనపడుతుంది, అంటే వెక్టర్ టేబుల్. నల్ పీబఫ్‌లో నెక్స్ట్ చదివితే స్టాక్ మొదటి అడ్రస్ వస్తుంది, పేలోడ్ చదివితే రీసెట్ హ్యాండ్లర్ అడ్రస్ వస్తుంది, చదవడం వల్ల మాత్రం ఫాల్ట్ రాదు. పేలోడ్ పాయింటర్ హెక్స్‌లో 0800తో మొదలై కనిపిస్తే అది నల్ పీబఫే అయ్యుండొచ్చు. హెచ్7లో ఇంకా ఘోరం, అడ్రస్ 0 దగ్గర ఐటీసీఎం ర్యామ్ ఉంది, రాసినా నోరెత్తదు. ఎంపీయూలో (మెమొరీకి కాపలా కాసే యూనిట్) సున్నా దగ్గర ఒక చిన్న నో యాక్సెస్ రీజియన్ పెట్టేయండి, ఐదు లైన్ల పని.

ఇంకోటి, ఇది క్రాష్ కాదు గానీ క్రాష్‌లాగే కనిపిస్తుంది. టీసీపీ_రైట్ ఈఆర్ఆర్_మెమ్ ఇచ్చిందంటే తప్పు జరిగిందని కాదు, "ఇప్పుడు చోటు లేదు, ఆగు" అని. దాన్ని కాల్‌బ్యాక్ లోపలే వైల్ లూపులో మళ్ళీ మళ్ళీ పిలిచారంటే టీసీపీఐపీ థ్రెడ్ అక్కడే ఇరుక్కుంటుంది, వచ్చే ఏసీకేలని చూసేవాడుండడు, ఏసీకే చూడకపోతే చోటు ఖాళీ అవ్వదు, చివరికి వాచ్‌డాగ్ కొడుతుంది. టీసీపీ_ఎస్ఎన్‌డీబఫ్ చూసుకుని పట్టినంతే ఇచ్చి, మిగతాది టీసీపీ_సెంట్ కాల్‌బ్యాక్‌లో ఇవ్వండి.

ఈ బఫర్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

ఈ స్టాక్ మొదట రాసింది స్వీడిష్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కంప్యూటర్ సైన్స్‌లో ఆడమ్ డంకెల్స్, పదుల కిలోబైట్ల ర్యామ్‌లో పూర్తి టీసీపీ నడవాలని. అంత తక్కువలో నడవాలంటే ఒకే డేటాని లేయర్ లేయర్‌కీ కాపీ చేస్తూ కూర్చోలేరు, అదే పీబఫ్ చేతులు మారుతూ పోవాలి, ఎంతమంది పట్టుకున్నారో రెఫ్ అనే ఒక చిన్న కౌంటర్‌లో ఉండాలి. బఫర్ క్రాష్‌లు నేను చూసినంతలో ఆ కౌంటర్ దగ్గరే పుడతాయి.

రూలు ఇది. ఎల్‌డబ్ల్యూఐపీ మీ డ్రైవర్ లింక్‌అవుట్‌పుట్ ఫంక్షన్‌కి పీబఫ్ ఇస్తుంది, కానీ మీకు రాసిచ్చేయదు. మీరు ఫ్రీ చేయకూడదు. ఫంక్షన్ రిటర్న్ అయ్యాక కూడా డీఎంఏ (ప్రాసెసర్ లేకుండా మెమొరీ నుంచి డేటా తీసుకెళ్ళే హార్డ్‌వేర్) దాన్ని చదువుతుంటే మీరు పీబఫ్_రెఫ్ చేసి పట్టుకోవాలి, డీఎంఏ అయిపోయాక మీరు పట్టుకున్నది మాత్రమే పీబఫ్_ఫ్రీతో వదలాలి. టీసీపీ అయితే ఏసీకే వచ్చేదాకా తన పట్టు వదలదు, ఎందుకంటే మళ్ళీ పంపాల్సి రావచ్చు.

నేను రాసిన డ్రైవర్‌లో ఏముందంటే, డిస్క్రిప్టర్లు ఖాళీ లేకపోతే ఎర్రర్ రిటర్న్ చేసే ముందు, "ఫెయిల్ అయింది కదా, శుభ్రం చేసి పోదాం" అని పీబఫ్_ఫ్రీ ఒకటి ఉంది. పీబఫ్_రెఫ్ ఆ దారిలో ఇంకా జరగనే లేదు. పక్కింటి నుంచి గుండిగ అరువు తెచ్చుకుని, వంట చెడిపోయిందని ఆ గుండిగని పాత సామాన్లవాడికి వేసేసినట్టు. టీసీపీ దృష్టిలో ఆ సెగ్మెంట్ ఇంకా అన్‌సెంట్ క్యూలోనే ఉంది, ఎర్రర్ వచ్చింది కాబట్టి కాసేపాగి మళ్ళీ పంపుతుంది, ఈలోగా ఆ మెమొరీ హీప్‌కి వెళ్ళిపోయి ఇంకెవరికో ఇచ్చేశారు. తర్వాత ఏసీకే వస్తుంది, టీసీపీ_రిసీవ్ ఆ సెగ్మెంట్‌ని వదిలించుకోబోతుంది, రెఫ్ చూస్తే సున్నా. అందుకే అక్కడ పడింది. డిస్క్రిప్టర్లు నిండితే తప్ప ఆ లైను నడవదు, ఫుల్ లోడ్ లేకపోతే అవి నిండవు.

దీన్ని కోడ్ చదివి కాదు, ట్రేస్‌తో పట్టుకున్నాను. మీరూ ఇదే చేయండి. పీబఫ్_అలాక్, పీబఫ్_రెఫ్, పీబఫ్_ఫ్రీ మూడింటిలో ఒక రింగ్ బఫర్‌లోకి నాలుగు వర్డ్‌లు రాయండి: పీబఫ్ అడ్రస్, చేసిన పని దాంతో పాటే రెఫ్ విలువ, పిలిచినవాడి రిటర్న్ అడ్రస్, డీడబ్ల్యూటీ సైకిల్ కౌంటర్. ఒక ఎంట్రీ 16 బైట్లు, 256 ఎంట్రీలకి 4 కేబీ. ప్రింటెఫ్ వద్దు, అది టైమింగ్ చంపేస్తుంది. అసర్ట్ పడ్డాక ఆ రింగ్‌ని డంప్ చేసి, చచ్చిన పీబఫ్ అడ్రస్‌తో వెతకండి, దాని జీవితకథ వరసగా కనిపిస్తుంది: పుట్టింది, టీసీపీ పట్టుకుంది, డ్రైవర్ వదిలేసింది, ఇంకొకరికి పుట్టింది, మళ్ళీ వదిలారు. పట్టినవాళ్ళకీ వదిలినవాళ్ళకీ జత కుదరని చోట ఉన్న రిటర్న్ అడ్రస్‌ని యాడర్2లైన్‌కి ఇవ్వండి. నా కేసులో ఇదంతా రాయడానికి ఒక మధ్యాహ్నం పట్టింది, చూడగానే పది నిమిషాల్లో తెలిసింది. ముందు రెండు రోజులు ఉత్తినే పోయాయి.

రెఫ్ సున్నా అయినప్పుడు పేలోడ్ అంతా ఒక గుర్తుతో, అలవాటు ప్రకారం డెడ్‌బీఫ్‌తో నింపేయండి. అప్పుడు వైర్‌షార్క్‌లో ఆ గుర్తు ఉన్న ప్యాకెట్ బయటికొచ్చిందంటే డీఎంఏ చదువుతుండగానే ఎవరో వదిలేశారని అర్థం.

ఇదే కుటుంబంలో ఇంకో బగ్ ఉంది, డీఎంఏ అయిపోయిన ఇంటరప్ట్‌లోనే నేరుగా పీబఫ్_ఫ్రీ పిలవడం. పీబఫ్_ర్యామ్ రకం హీప్ నుంచి వస్తుంది, హీప్‌కి మ్యూటెక్స్ (ఒకసారికి ఒకరే పట్టుకునే తాళం) ఉంటుంది, ఇంటరప్ట్‌లో మ్యూటెక్స్ పట్టుకోలేరు. ఇంటరప్ట్‌లో సెమఫోర్ మాత్రం ఇచ్చి, టాస్క్‌లో ఫ్రీ చేయండి, లేదా దీనికోసమే ఉన్న పీబఫ్_ఫ్రీ_కాల్‌బ్యాక్ వాడండి, అది పనిని టీసీపీఐపీ థ్రెడ్‌కి పంపుతుంది, మెయిల్‌బాక్స్ నిండి ఉంటే ఫెయిల్ అవుతుంది కాబట్టి రిటర్న్ విలువ చూడండి. సిస్_లైట్‌వెయిట్_ప్రాట్ 1 ఉందో లేదో కూడా చూడండి, 0 ఉంటే రెఫ్ కౌంటర్ పెంచడం తగ్గించడం మధ్యలో ఎవరైనా దూరొచ్చు.

టీసీపీ_రైట్‌లో కాపీ ఫ్లాగ్ లేకుండా ఇచ్చి వెంటనే అదే అర్రేలో కొత్త శాంపిల్స్ నింపేవాళ్ళకి క్రాష్ రాదు గానీ అవతల చెత్త డేటా వస్తుంది. ఏసీకే వచ్చేదాకా ఆ అర్రే మీది కాదు.

ఎం7 అయితే క్యాష్ కూడా చూడాలి

హెచ్7లో హెక్స్ 20000000 దగ్గరుండే డీటీసీఎం ర్యామ్‌ని ఎథర్‌నెట్ డీఎంఏ చేరలేదు, కానీ ఆ తప్పు మొదటి ప్యాకెట్‌కే తెలిసిపోతుంది. లోడ్‌లో మాత్రమే వచ్చేది వేరు. క్యాష్ లైను 32 బైట్లు. పంపే బఫర్‌ని క్లీన్ చేయకపోతే, అంటే క్యాష్‌లో ఉన్నది ర్యామ్‌కి రాయకపోతే, తప్పుడు డేటా పోతుందే గానీ ర్యామ్ చెడదు, ర్యామ్‌ని చెడగొట్టేది రిసీవ్ వైపు ఇన్‌వాలిడేట్, అంటే క్యాష్‌లో ఉన్నది పారేయడం. రిసీవ్ బఫర్ 32కి అలైన్ అవ్వకపోతే అదే లైనులో పక్కనున్న వేరియబుల్‌కి అప్పుడే రాసిన విలువ కూడా ఎగిరిపోతుంది. పంపేటప్పుడు రిసీవ్‌తో పనేంటి అంటారా, రెండు సెగ్మెంట్లకి ఒక ఏసీకే లెక్కన వేసుకున్నా ఫుల్ స్పీడ్‌లో సెకనుకి 4000 దాకా లోపలికొస్తాయి. బఫర్ల మొదలూ సైజూ రెండూ 32 గుణిజాల్లో పెట్టండి, డిస్క్రిప్టర్లని ఎంపీయూతో నాన్ క్యాషబుల్ రీజియన్‌లో పెట్టండి. డీ క్యాష్ ఆపేసి చూడటం మంచి టెస్టే కానీ క్రాష్ పోయిందని క్యాషే దొంగ అనేయకండి, స్పీడ్ తగ్గినందుకు కూడా పోవచ్చు.

ఫిక్స్ అయిందని ఎప్పుడు నమ్మాలి

నా ఫిక్స్ ఒక్క లైను తీసేయడం. కానీ తీసేశాక వెంటనే పూల్స్ పెంచలేదు. ఆ బక్క కాన్ఫిగ్‌తోనే, డిస్క్రిప్టర్లు 2తోనే, లాస్ ఒక శాతంతోనే రాత్రంతా తిప్పండి. పొద్దున్న లోడ్ ఆపి, కనెక్షన్ క్లోజ్ చేసి, రెండు నిమిషాలు ఆగి స్టాట్స్ చూడండి. ఎర్ కౌంట్ (అడిగితే మెమొరీ దొరకని సార్లు) పెరిగి ఉంటుంది, ఉండాలి కూడా, మెమొరీ చాలని దారులన్నీ నడిచాయని అదే సాక్ష్యం. యూజ్డ్ (ఇంకా వాడుకలో ఉన్నవి) మాత్రం లోడ్ మొదలవ్వకముందు ఎంత ఉందో అంతకి దిగాలి. ఒక్కటి ఎక్కువున్నా ఎక్కడో రెఫ్ పట్టుకుని వదలనివాడు ఉన్నాడు, డబల్ ఫ్రీ తీసేసే తొందరలో లీక్ పెట్టుకోవడం చాలా మామూలు, నేనూ మొదటిసారి అదే చేశాను, 3 పీబఫ్‌లు తిరిగి రాలేదు.

అది కూడా సరిపోయాక డిస్క్రిప్టర్లు 8కి, మెమ్_సైజ్ పాత విలువకి తెచ్చుకోండి. అసర్ట్‌లు మాత్రం ప్రొడక్షన్ బిల్డ్‌లో కూడా ఉంచేశాను, ఆగిపోయే బదులు నోఇనిట్‌లో నాలుగు వర్డ్‌లు రాసి రీసెట్ అయ్యేలా మార్చి.